ముదిమి రాకముందే మాట్లాడుకుందాం

తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞను మనం సండేస్కూల్లో పిల్లల చేత కంఠస్థం చేయిస్తాం. వాగ్దానంతో కూడిన మొదటి ఆజ్ఞ అదేనని పౌలు గుర్తు చేశాడు (ఎఫెసీ 6:2). అయితే సీనాయి కొండ దగ్గర ఆ ఆజ్ఞను మొదట విన్నవారు చిన్నపిల్లలు మాత్రమే కారు. సంసారాలు మోస్తున్న స్త్రీ పురుషులు విన్నారు. వాళ్ల గుడారాల్లో నడవలేని తండ్రులున్నారు, చూపు తగ్గిన తల్లులున్నారు. కాబట్టి ఈ ఆజ్ఞ పదేళ్ల పిల్లవాడికి ఎంత వర్తిస్తుందో యాభై ఏళ్ల కొడుకుకూ, కూతురుకూ అంతకన్నా ఎక్కువే వర్తిస్తుంది.

'సన్మానించు' అన్నచోట హెబ్రీ మూలంలో ఉన్న మాటకు 'బరువు' అనే అర్థం ఉంది. అమ్మానాన్నల మాటకు, ఇష్టానికి, అవసరానికి తగినంత బరువునివ్వమన్నది దేవుని ఆజ్ఞ. వాళ్లనే బరువుగా ఎంచేవాడు ఆజ్ఞను తలకిందులు చేసినట్టే.

మన విశ్వాస కుటుంబాల్లో చాలాచోట్ల ప్రేమకు కొదువ లేదు. ముందు ఆలోచనే కొదువ. నాన్న స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన రాత్రి ఆస్పత్రి వరండాలో ప్రశ్నలు మొదలవుతాయి. ఆయన ఏ మందులు వాడుతున్నారు? ఇన్సూరెన్సు ఉందా? డబ్బు ఏ బ్యాంకులో ఉంది? ఆపరేషన్ తర్వాత ఎవరింట్లో ఉంటారు? రాత్రిళ్లు ఎవరు చూస్తారు? డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోనులో ఒకటంటాడు, పక్క ఊళ్లో ఉన్న కూతురు మరొకటంటుంది. ప్రార్థన చేయమని పిలిస్తే మేము వెళ్లేసరికి కొన్ని ఇళ్లలో అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి ఉంటారు. అసలు మనిషిని, మంచం మీద ఉన్న ఆ పెద్దాయనను, ఆయనకేం కావాలో అప్పటికి ఎవరూ అడిగి ఉండరు.

ఒకప్పుడు ఇంటికి అయిదారుగురు పిల్లలుండేవారు. ఎవరో ఒకరు ఊళ్లో మిగిలేవారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఆ ఒకరిద్దరు పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే మరొకరు విదేశంలో ఉంటారు. 'ఎవరో ఒకరు చూస్తార్లే' అన్న మాట ఇక చెల్లదు. ఎవరో, ఎలాగో, ముందే మాట్లాడుకోవాలి.

బర్జిల్లయి మాట, దావీదు మర్యాద

ఈ విషయంలో బైబిలు మనకిచ్చిన ఒక చక్కని పాఠం బర్జిల్లయి కథలో ఉంది (2 సమూయేలు 19:31-39). అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు మహనయీములో తలదాచుకున్న దావీదుకు పరుపులు, పాత్రలు, ధాన్యం పంపి ఆదుకున్న ధనవంతుడు బర్జిల్లయి. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. యుద్ధం ముగిసి రాజు యెరూషలేముకు తిరిగి వెళుతూ, నాతో వచ్చెయ్యండి, నా దగ్గర మిమ్మల్ని పోషిస్తాను అని పిలిచాడు. అది నిజమైన ప్రేమతో పిలిచిన పిలుపు.

బర్జిల్లయి రానన్నాడు. అన్నపానాల రుచి తెలియడం లేదు, గాయకుల పాట వినపడడం లేదు, నీకు భారమెందుకు కావాలి అన్నాడు. నా ఊళ్లోనే, మా అమ్మానాన్నల సమాధి దగ్గరే కన్నుమూయనివ్వు అని వేడుకున్నాడు. నా బదులు కిమ్హామును తీసుకుపో అన్నాడు. దావీదు బలవంతం చేయలేదు. చిన్నబుచ్చుకోలేదు. పెద్దాయనను ముద్దుపెట్టుకుని, దీవించి ఇంటికి పంపాడు. కిమ్హామును తనతో తీసుకువెళ్లాడు. తాను మరణశయ్య మీద ఉన్నప్పుడు కూడా బర్జిల్లయి కుమారులను మరవవద్దని సొలొమోనుకు అప్పగించాడు (1 రాజులు 2:7).

దీన్ని మన ఇళ్లకు అన్వయించుకుందాం. అమ్మను అమెరికా తీసుకుపోదామని కొడుకు అనుకుంటాడు. అందులో ప్రేమ ఉంది. కానీ అమ్మకు అక్కడ ఎవరితో తెలుగులో మాట్లాడాలో తెలియదు. ఆమె ప్రాణమంతా నలభై ఏళ్లుగా కూర్చుంటున్న మందిరం బల్ల దగ్గర, ఆదివారం పక్కన కూర్చునే స్నేహితురాలి దగ్గర ఉంటుంది. అలాగని ఊళ్లో ఒంటరిగా వదిలేయడమూ న్యాయం కాదు. బర్జిల్లయి తన మనసు దాచుకోలేదు, దావీదు విన్నాడు, ఇద్దరూ కలిసి మూడో దారి కనుక్కున్నారు. మన ఇళ్లలో జరగాల్సింది ఇదే.

యాకోబు పదిహేడేళ్లు

యోసేపు తండ్రిని తన దగ్గరికి రప్పించుకున్నాడు. ఇంకా అయిదేళ్ల కరవు ఉందని లెక్కవేసి, ఎక్కడ ఉండాలో, ఏం తినాలో ఏర్పాటు చేసిన తర్వాతే కబురు పంపాడు (ఆదికాండం 45:10-11). ఐగుప్తులో యాకోబు పదిహేడేళ్లు బతికాడు (47:28). యోసేపును అన్నలు అమ్మేసేనాటికి అతని వయసు కూడా పదిహేడే (37:2). తండ్రి తనను ఎన్నేళ్లు సాకాడో, అన్నేళ్లే తానూ తండ్రిని సాకే భాగ్యం దేవుడు యోసేపుకిచ్చాడు.

యాకోబు చేసినది కూడా గమనించాలి. చావు దగ్గరపడుతోందని గ్రహించి, యోసేపును పిలిపించుకుని, నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దు, నా పితరుల సమాధిలో ఉంచు అని ప్రమాణం చేయించుకున్నాడు (47:29-31). మాట స్పష్టంగా ఉంది కాబట్టి పన్నెండుగురు కొడుకుల మధ్య ఆ విషయంలో తగాదా రాలేదు. తల్లిదండ్రులు తమ ఇష్టాన్ని నోరు తెరిచి చెప్పడం పిల్లల మీద రుద్దడం కాదు. వాళ్లకు చేసే మేలు.

చింత వేరు, ఏర్పాటు వేరు

రేపటి గురించి చింతించవద్దని ప్రభువే చెప్పాడు కదా, ఈ లెక్కలన్నీ అవిశ్వాసం కాదా అని కొందరు అడుగుతారు (మత్తయి 6:34). ఆ ప్రభువే గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు (లూకా 14:28). చింత మనసును తినేస్తుంది, పని మాత్రం చేయదు. ఏర్పాటు పని చేసి నిశ్చింతగా నిద్రపోతుంది. సౌలు తరుముతుండగా అదుల్లాము గుహలో దాక్కున్న దావీదు, తన ప్రాణానికే భద్రత లేని రోజుల్లో, వృద్ధులైన తల్లిదండ్రులను మోయాబు రాజు దగ్గరకు తీసుకువెళ్లి అప్పగించాడు. దేవుడు తనకేం చేస్తాడో తెలిసేదాకా వాళ్లను ఉండనివ్వమన్నాడు (1 సమూయేలు 22:3-4). దేవుని మీద విశ్వాసమూ తల్లిదండ్రుల కోసం ఏర్పాటూ అతనిలో ఒకేచోట ఉన్నాయి.

చావు మాట ఎత్తితే అపశకునమని భయపడేవారు మనలోనూ ఉన్నారు. పునరుత్థానాన్ని నమ్మి ప్రతి ఆదివారం విశ్వాసప్రమాణం చెప్పే మనకు ఆ భయం తగదు.

ఇంకొందరు భక్తి పేరుతోనే తప్పించుకుంటారు. దేవునికి కొర్బానుగా ఇచ్చేశాను కనుక తల్లిదండ్రులకు ఇవ్వడానికేమీ లేదనే పరిసయ్యుల పద్ధతిని యేసు తీవ్రంగా గద్దించాడు (మార్కు 7:9-13). మందిర నిర్మాణానికి లక్షలిచ్చి, ఊళ్లో అమ్మ బీపీ మాత్రలకు ఇవ్వనివాడి కానుక కూడా కొర్బాను లాంటిదే. సొంత ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసాన్ని త్యజించినవాడే అంటాడు పౌలు (1 తిమోతి 5:8). పిల్లలూ మనుమలూ ముందుగా తమ ఇంట్లో భక్తి నేర్చుకోవాలన్నది కూడా అదే అధ్యాయంలోని మాట (5:4).

కూర్చుని మాట్లాడాల్సిన సంగతులు

క్రిస్మస్‌కో, సంక్రాంతి సెలవులకో, ఈస్టర్‌కో పిల్లలంతా ఒకచోట చేరినప్పుడు, కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక గంట దీనికి కేటాయించాలి. కోడళ్లు, అల్లుళ్లు కూడా ఉండాలి. ముందు పెద్దవాళ్లు మాట్లాడాలి, పిల్లలు వినాలి.

మొదటిది, ఎక్కడ ఉంటారన్నది. సొంత ఇంట్లోనే ఉంటామంటే ఆ ఇంటిని అందుకు సిద్ధం చేయాలి. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, జారని నేల, కూర్చునే టాయిలెట్, రాత్రి వెలిగే చిన్న దీపం పెద్ద ఖర్చులు కావు. తుంటి విరిగాక అయ్యే ఖర్చుతో పోలిస్తే అసలే కావు. పిల్లల దగ్గర ఉంటామంటే ఎవరి దగ్గర అన్నది తేల్చాలి. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. అమ్మ చిన్నవాడి ఇంట్లో, నాన్న పెద్దవాడి ఇంట్లో అని పంచుకునే పద్ధతి మన ఊళ్లలో ఉంది. దేవుడు జతపరచిన వారిని మనుషులు వేరుచేయకూడదన్న మాట మనం పెళ్లిలో చదువుతాం. అది డెబ్బై ఏళ్ల దంపతులకూ వర్తిస్తుంది. వృద్ధాశ్రమంలో ఉండడం దానంతటదే పాపం కాదు. వాళ్లే ఇష్టపడి, చూసి ఎంచుకున్నారా, లేక సామాన్లతో పాటు దించి వచ్చామా అన్నదే ప్రశ్న.

రెండోది, వైద్యం. వాడుతున్న మందులు, పడని మందులు, పాత ఆపరేషన్లు, చూసే డాక్టరు పేరు ఒక కాగితం మీద రాసి అందరి దగ్గరా ఉంచాలి. ఆరోగ్య బీమాకు 65 ఏళ్లు దాటితే తీసుకోలేరన్న అడ్డు 2024 ఏప్రిల్ నుంచి తొలగింది. కానీ ముందు నుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ గడువు ఉండవచ్చు. అందుకే ముందే తీసుకోవడం తెలివి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందించేలా ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరు 29న విస్తరించారు. కార్డు ముందుగా తీసుకుని ఉంచుకోవాలి.

కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చిన తర్వాత వెంటిలేటర్ వంటివి వద్దనుకునేవారు ముందుగానే రాతపూర్వకంగా చెప్పవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పు ఇచ్చింది. ఇద్దరు సాక్షులతో, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట రాస్తే సరిపోయేలా 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ప్రాణం తీయడం వేరు, దేవుడు పిలుస్తున్నవారిని యంత్రాలతో పట్టి ఆపకపోవడం వేరు. మొదటిదానికి మనం ఒప్పుకోం. రెండోదాని గురించి ప్రార్థనతో ఆలోచించి, ఇష్టమేమిటో పిల్లలకు చెప్పి ఉంచడం మంచిది. లేకుంటే ఆ నిర్ణయపు బరువు ఒక్క కొడుకు మీదో కూతురు మీదో పడి, జీవితమంతా వాళ్లను వేధిస్తుంది.

మూడోది, డబ్బు, కాగితాలు. ఖాతాలు, డిపాజిట్లు, పింఛను పత్రాలు, పొలం దస్తావేజులు ఎక్కడున్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. పిల్లల్లో కనీసం ఒకరికి తెలియాలి. నామినీ అంటే వారసుడని కాదు, బ్యాంకు ఎవరి చేతికి డబ్బివ్వాలో తెలిపే పేరు మాత్రమే. వారసత్వాన్ని తేల్చేది వీలునామా, అది లేకుంటే చట్టం. వీలునామాకు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందబోయేవారు గానీ, వాళ్ల భార్య లేదా భర్త గానీ సాక్షులుగా ఉండకూడదు. ఉంటే వాళ్లకు రాసినది చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడం మేలు.

ఇక్కడ క్రైస్తవ కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన ఒక సంగతి ఉంది. మనకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మరణించిన వ్యక్తికి భార్య, పిల్లలు ఉంటే మూడో వంతు భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కొడుకని, కూతురని తేడా లేదు. కానీ మరణించిన ఆ వ్యక్తి తల్లిదండ్రులకు వాటా ఉండదు. తన సంపాదన మీదే బతుకుతున్న తల్లి ఉన్న కొడుకు హఠాత్తుగా కన్నుమూస్తే ఆమెకు చట్టం ప్రకారం ఆ ఆస్తిలో ఏమీ రాదు. అమ్మను పోషిస్తున్న ప్రతి కొడుకూ, కూతురూ తమ వీలునామాలో ఆమె భాగం రాసి ఉంచాలి.

పెద్దలకు కూడా ఒక మాట. ప్రేమకొద్దీ ఉన్నదంతా బతికుండగానే పిల్లల పేర రాసేసి చేతులు కట్టుకోవడం మంచిది కాదు. రాయక తప్పకపోతే, జీవితాంతం ఇంట్లో ఉండే హక్కు, పోషించే షరతు దస్తావేజులోనే రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. అదే చట్టం కింద పోషణ ఖర్చు కోరుతూ ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వృద్ధుల సహాయం కోసం 14567 నంబరు కూడా ఉంది. అయితే విశ్వాసుల ఇంటి సంగతి ట్రిబ్యునల్ దాకా వెళ్లడం సంఘానికి సిగ్గు. అంతదూరం రాకుండా మాట్లాడుకోవడానికే ఈ మాటలన్నీ.

వాయిదా వేయకూడదనడానికి మరో కారణం ఉంది. మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మతి తప్పాక రాసిన వీలునామా నిలవదు. ముందు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా అప్పటితో ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అప్పుడు అమ్మ మనసులో మాట అడిగి తెలుసుకునే వీలే ఉండదు.

నాలుగోది, పని పంపకం. డబ్బు పంపేవాడు చేసేది సేవే. కానీ రాత్రి మూడింటికి లేచి పక్క మార్చేవారి సేవ అంతకన్నా పెద్దది. అది చాలా ఇళ్లలో ఒక్క కోడలి మీదో, పెళ్లికాని కూతురి మీదో పడుతోంది. ఆమెకు వారానికి ఒక పూట విశ్రాంతి ఎవరిస్తారు? ఏడాదికి కొన్ని వారాలు ఎవరు వచ్చి ఉంటారు? ఆయాను పెడితే జీతం ఎవరిస్తారు? ఇవి పేర్లతో సహా తేల్చుకోవాల్సిన ప్రశ్నలు. నయోమికి ఏడుగురు కుమారులకన్నా మేలైనదని బేత్లెహేము స్త్రీలు పొగిడింది కోడలైన రూతునే (రూతు 4:15). ఆ పొగడ్త మన ఇళ్లలోని రూతులకూ వినపడాలి, సాయమూ అందాలి.

అయిదోది, చివరి వీడ్కోలు. ఏ ఊళ్లో, ఎవరి సమాధి పక్కన, ఏ పాటలు పాడాలి అన్నవి యాకోబులాగా చెప్పి ఉంచితే సరిపోతుంది.

సంఘం చేయగలిగింది

యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్య సరిగా అందడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు అపొస్తలులు ప్రార్థనతో సరిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు (అపొస్తలుల కార్యములు 6:1-6). జాన్ వెస్లీ తండ్రి 1735లో చనిపోయాక తల్లి సుసన్నా పిల్లల ఇళ్లలో ఉంటూ, చివరి ఏళ్లు లండన్‌లో వెస్లీ పరిచర్యకు కేంద్రమైన ఫౌండరీలో గడిపి, 1742లో అక్కడే కన్నుమూసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వెస్లీ పేద విధవరాండ్రకు అక్కడే ఆశ్రయం ఏర్పాటు చేశాడు. తానూ, తోటి బోధకులూ వాళ్లతో పాటు ఒకే బల్ల దగ్గర, ఒకే భోజనం తినేవారని 1748లో రాసుకున్నాడు.

మన సంఘాలు పెద్ద భవనాలు కట్టనక్కర్లేదు. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల పేర్లు, వాళ్ల పిల్లల ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచవచ్చు. మంచానపడిన వారికి ప్రభురాత్రి భోజనం ఇంటికి తీసుకువెళ్లవచ్చు. పింఛనుదారులకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించే పని యవ్వనస్తులు చేయవచ్చు. అత్తగారిని విడిచి ఆరాధనకు రాలేని కోడలి కోసం, ఆదివారం రెండు గంటలు ఒక సహోదరి ఆ ఇంట్లో కూర్చోవచ్చు. ఏడాదికి ఒక ఆదివారం, ఆరాధన తర్వాత, ఒక వకీలును, ఒక వైద్యుడిని పిలిచి ఈ సంగతులు వివరించవచ్చు.

పిల్లలు లేనివారిని, పెళ్లి చేసుకోనివారిని, పింఛను లేని స్వతంత్ర సంఘాల సేవకులను, వాళ్ల భార్యలను మాత్రం సంఘమే తన కుటుంబంగా ఎంచుకోవాలి. బంధువులున్నవారిని బంధువులు చూసుకుంటే, నిజంగా దిక్కులేని వారిని సంఘం చూడగలుగుతుందని పౌలు చెప్పింది అందుకే (1 తిమోతి 5:16).

మన ప్రభువు సిలువ మీద ఊపిరి అందని బాధలో ఉండి కూడా తన తల్లి ఎక్కడ ఉండాలో తేల్చాడు (యోహాను 19:25-27). లోకపాపభారం మోస్తున్న ఆ గడియలో అమ్మ సంగతి ఆయనకు చిన్న విషయంగా తోచలేదు. ఎవరో ఒకరు చూస్తారులే అనుకోలేదు. ఒక శిష్యుణ్ణి చూపించి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆలస్యం చేయకుండా ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. అంత బాధలో ఆయన చేసిన పనిని, నెమ్మదిగా ఉన్న ఈ రోజుల్లో మనం చేయలేమా? ఈ వారం అమ్మానాన్నల పక్కన కూర్చుని, 'మీకేం కావాలి?' అని అడుగుదాం. వాళ్లు చెప్పేదాకా ఓపికగా ఉందాం. విన్నదాన్ని రాసి పెట్టుకుందాం. తల నెరిసే వరకూ మనల్ని ఎత్తుకుని మోస్తానన్న దేవుడు (యెషయా 46:4) మన చేతులతోనే వాళ్లను మోయాలని కోరుతున్నాడు.